చర్మమునకు అకాల వార్ధక్యము

చర్మము ముడుతలు పడుట, బిగువు తగ్గుట, మచ్చలు తేలుట వయస్సుతోపాటు వచ్చు సహజ పరిణామములని మనలో పెక్కుమంది నమ్మకము. ఈ నమ్మకములో నిజము కొంత మాత్రమే కలదు. తక్కిన భాగమును గూర్చి గ్రామ పంచాయతీ సభ్యులతో ముచ్చటింపవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక చిన్న పరీక్ష. దీనికి పరికరము లేవియు అక్కరలేదు. నలువది ఏండ్లు దాటి, పొలము పనిలో కాలము గడపినవారు ఎవరైనను మొదట తమ ముంజేతి వెలుపలి చర్మమును చూడవలెను. పిమ్మట అదే చేతిని ఎత్తి, దండచేతి లోపలి వైపున చంకకు దగ్గరగా నున్న చర్మమును చూడవలెను. మొదటిది గరుకుగా, నల్లబారి, సన్నని గీతలతో నుండును. రెండవది మెత్తగా, నునుపుగా, ఒకే వన్నెతో నుండును. రెండును ఒకే మనిషివి. రెండింటి వయస్సు ఒక్కటే. రెండింటికి అందిన ఆహారమును ఒక్కటే. వాని మధ్య ముఖ్యమైన భేదమొక్కటే: మొదటిది ఎండ చూచినది, రెండవది చూడలేదు. ఏండ్లు మాత్రమే చేసిన పని ఎంతయో రెండవ చర్మము చెప్పును. దానికంటె అధికముగా మొదటిదానిపై కనబడునదంతయు ముఖ్యముగా ఎండ చేసినది.

చర్మపు అందచందములతో పంచాయతీకి ఏమి పనియని సభ్యులు అడుగవచ్చును. ఈ విషయము అందమునకు సంబంధించినది కాదు. శరీరములోని నీటిని లోపల నిలుపునది, సూక్ష్మజీవులను వెలుపల ఆపునది, చెమటపట్టి ఒంటిని చల్లబరచునది చర్మమే. అది పలుచబడి ఎండినపుడు చిన్న గీరుపాటుకే చిట్లును; చిట్లినచోట గాయము త్వరగా మానదు. మడమల పగుళ్ళలో మన్ను చేరి చీము పట్టినవాడు నాలుగు దినముల కూలిని పోగొట్టుకొనును. మధుమేహమున్నవారికి అట్టి పగులే పాదము తీసివేయువరకు తెచ్చిన సందర్భములు కలవు. పైగా ఈ నష్టమును తగ్గించు సాధనములలో ముఖ్యమైనవి, అనగా నీడ, నీరు, పనివేళలు, చెట్లు, చాలవరకు పంచాయతీ పూనుకొనిన జరుగునవే.

మన చర్మము రెండు ముఖ్యమైన పొరలుగా నున్నది. పై పొర చాల పలుచనిది. దాని అడుగున క్రొత్త కణములు పుట్టి, మెల్లమెల్లగా పైకి జరిగి, చచ్చి, పొట్టుగా రాలిపోవుచుండును. యౌవనమున ఈ ప్రయాణమునకు సుమారు నాలుగు వారములు పట్టును. వయస్సు మీరినకొలది ఇంకను ఎక్కువ దినములు పట్టును. ముసలివారి గాయములు ఆలస్యముగా మానుటకు ఇదియొక కారణము. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థము ఈ పై పొరలోనే తయారగును. క్రింది పొర మందమైనది. అందులో కొలాజెన్ అను మాంసకృత్తు పోగులు నులకమంచపు అల్లికవలె పరచుకొని చర్మమునకు గట్టితనము నిచ్చును. ఎలాస్టిన్ అను మరియొక రకపు పోగులు లాగి వదలిన చర్మమును తిరిగి యథాస్థానమునకు తెచ్చును. నులక సడలిన మంచము మధ్యకు క్రుంగును. కొలాజెన్ తరిగిన చర్మము ముడుత పడును. పెద్దవారి చర్మములో ఈ పోగులు ఏటేట సుమారు నూటికొకటి వంతున తరుగునని వైద్యులు లెక్కగట్టిరి. ఇది వయస్సు పని; దీనిని పూర్తిగా ఆపగల మందు నేటివరకు లేదు.

ఎండ చేయు పని వేరు. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. భూమిని చేరువానిలో రెండు తరగతులు ముఖ్యమైనవి. 'బి' తరగతి కిరణములు పై పొరను కాల్చును. ఎండలో చర్మము కమిలి మంట పుట్టుట ముఖ్యముగా వీనివలననే. 'ఏ' తరగతి కిరణములు మంట పుట్టింపకయే క్రింది పొరవరకు దిగును. కిటికీ అద్దమును కూడ దాటును. ఈ కిరణములు తగిలిన చర్మములో కొలాజెన్ పోగులను కత్తిరించు రసములు ఊరును. శరీరము ఆ తెగిన చోట్లను బాగుచేయును గాని, అతుకు ఎప్పుడును మునుపటివలె నుండదు. ఒకనాటి అతుకు కంటికి కనబడదు. ఇరువది ఏండ్లు దినదినము పడిన అతుకులు మెడవెనుక లోతైన గీతలై, చెంపలపై మచ్చలై పైకి తేలును.

ఈ సంగతిని మొదట పట్టుకొన్నవారు ఐరోపాలోని ఇద్దరు చర్మవైద్యులు. 1894లో ఉన్నా అను జర్మను వైద్యుడు ఓడలపై పనిచేయు నావికుల ముఖములను, చేతులను పరిశీలించి, సముద్రముపై ఎండగాలులకు గురియైన చర్మము ముందుగనే ముదిరి, కొందరిలో పుండ్లుగా మారుటను వర్ణించెను. రెండేండ్లకు, 1896లో, ఫ్రాన్సు దేశపు వైద్యుడు డ్యుబ్రోయి ద్రాక్షతోటలలో పనిచేయు కూలీలయందు అట్టి మార్పులనే కనుగొనెను. నావికుడును, ద్రాక్షతోట కూలియు ఒకే తీరున ముసలివారగుటకు ఉమ్మడి కారణము ఆకాశముక్రింద పనిచేయుటయే. ఈ విషయమున అందరికిని తెలిసిన నిదర్శనము 2012లో ఒక అమెరికా వైద్యపత్రికలో వెలువడినది. 28 ఏండ్లపాటు సరకుల బండి నడపిన 69 ఏండ్ల వృద్ధుని ముఖమున ఎడమవైపు మాత్రము దళసరియై, లోతైన ముడుతలతో నిండియుండెను. కుడివైపు దానికంటె ఎంతో పడుచుగా నుండెను. ఆ దేశమున బండి నడపువాడు ఎడమవైపున, కిటికీ ప్రక్కన కూర్చుండును. మన దేశమున కుడివైపున కూర్చుండును గనుక, మన బస్సు, లారీ డ్రైవర్లు తమ కుడి మోచేతిని ఎడమదానితో పోల్చి చూచుకొనవచ్చును.

ఇక ఎర్రగుంట్ల సంగతికి వత్తము. కడప జిల్లాలోని ఈ ప్రాంతము నాపరాతికి ప్రసిద్ధి. కడప బండలని దేశమంతట అమ్ముడుపోవు పరుపుబండలు ఈ భూమిలోనివే. ఈ రాతి ఆధారముననే ఇచ్చట సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఇదే మండలములోని కలమళ్ళ గ్రామమున, క్రీ. శ. 575 ప్రాంతపుదని పండితులు నిర్ణయించిన రేనాటి చోళుల తెలుగు శాసనము దొరకినది. పదునాలుగు వందల ఏండ్ల తరువాత చదువుటకు ఆ రాతిపై అక్షరములు మిగిలినవి. ఆ రాతిని తీయువాని చేతి చర్మమునకు మాత్రము అంత ఓర్పు లేదు.

ఎర్రగుంట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 14.6 డిగ్రీల అక్షాంశముపై నున్నది. కావున సూర్యుడు ఏటికి రెండుమారులు, ఏప్రిల్ చివరి దినములలో ఒకసారి, ఆగస్టు నడుమ మరియొకసారి, మధ్యాహ్నమున సరిగా నడినెత్తిపై నిలుచును. గడియారమునుబట్టి ఆ నడిప్రొద్దు 12 గంటలకు గాక 12-15 ప్రాంతమున వచ్చును. కిరణములు ఏటవాలుగా వచ్చినపుడు గాలిపొరలలో చాలభాగము ఇంకిపోవును; నిట్టనిలువుగా వచ్చినపుడు అంత ఇంకదు. అతినీలలోహిత తీవ్రతను కొలుచుటకు ప్రపంచారోగ్య సంస్థ ఒక సూచికను వాడుచున్నది. అందులో 3 దాటినచో రక్షణ కావలెననియు, 11గాని అంతకు మించిగాని యున్నచో అత్యంత ప్రమాదకరమనియు అర్థము. వేసవిలో నిర్మలాకాశమున్న దినములలో మన ప్రాంతపు మధ్యాహ్నములు ఆ 11ను దాటుట సామాన్యము.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును సవరింపవలసియున్నది. వేడిమి వేరు, ఈ కిరణములు వేరు. మే నెలలో వడకు భయపడి తలకు గుడ్డ చుట్టుకొనువాడు జనవరిలో చల్లగాలి వీచునప్పుడు శనగచేనిలో చొక్కా విప్పి పనిచేయును. ఒంటికి హాయిగా నుండవచ్చునుగాని, శీతకాలపు మధ్యాహ్నములందు సహితము ఈ సూచిక 6 దాటుచుండును. పలుచని మబ్బు కిరణములను పెద్దగా ఆపదు. నేలనుండి తిరిగి ఎగయు కిరణములును లెక్కలోనివే. పచ్చికనుండి వచ్చునది స్వల్పము. ఎండిన ఇసుకనుండి నూటికి 15 వంతులవరకు తిరిగి లేచును. తెల్లని రాతిగనిలో పనిచేయువానికి పైనుండియు, క్రిందినుండియు, ప్రక్కగోడలనుండియు వెలుగు తగులుచుండును. గొడుగు పట్టినను, టోపీ పెట్టినను గడ్డము క్రింద నల్లబారుట ఇందువలననే. కంటిపొర సహితము ఈ కిరణములకు లోబడినదే. శుక్లములు ముందుగా ముదురుటకు ఎండ యొక కారణము.

నల్లని చర్మమునకు ఎండవలన భయములేదని మరికొందరు తలతురు. ఇందులో సగము నిజమున్నది. మెలనిన్ సహజమైన గొడుగువంటిది. అందుచేతనే మనవారిలో ముడుతలు తెల్లజాతులవారికంటె ఆలస్యముగా వచ్చును. ఎండవలన కలుగు చర్మపు క్యాన్సరు మనలో అరుదు. అయితే ఆ గొడుగు తానే మచ్చ పడును. ముఖమున చెక్కిళ్ళపై, నుదుటిపై మంగు తేలుట, కణతలు నల్లబారుట, అక్కడక్కడ వన్నె విరుగుట మన చర్మము ముదిరినదనుటకు ముడుతలకంటె ముందు వచ్చు గుర్తులు. మంగు ముఖ్యముగా స్త్రీలకు, గర్భవతులుగా నున్నప్పుడు మొదలై, ఎండవలన స్థిరపడిపోవును.

పుట్టుకతోనే మెలనిన్ లేక తెల్లని చర్మముతో, తెల్లని వెండ్రుకలతో ఉండు బిడ్డలు కొన్ని గ్రామములలో కలరు. వారికి ఆ గొడుగు బొత్తిగా లేదు. చిన్నవయస్సుననే చర్మము ముదిరి, క్యాన్సరుగా మారు ప్రమాదము వారికి నిజముగా కలదు. వారిని ఎండలో వరుసగా నిలువబెట్టుట తగదని బడి ఉపాధ్యాయులకు తెలుపుట సభ్యుల విధులలో నొకటిగా మేము భావింతుము. బొల్లి మచ్చలున్నవారి విషయము వేరైనను, ఆ తెల్లని చోట్లు సహితము త్వరగా కమిలిపోవును.

ఎండతరువాత చెప్పవలసినది పొగ. బీడి, చుట్ట, సిగరెట్టు ఏదైనను పొగాకు పొగ చర్మమునకు పోవు సన్నని రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. కొలాజెన్ కత్తిరించు రసములను పెంచును. పెదవుల చుట్టు నిలువుగీతలు, కంటి కొనలయందు ముడుతలు పొగత్రాగువారిలో ముందు వచ్చుట ఎల్లరు చూచినదే. పొయ్యిపొగను గూర్చి మనవారు అంతగా తలపరు. కట్టెలు, బొగ్గు వాడి వంటచేయు స్త్రీలలో ముడుతలు అధికముగా నున్నట్లు చైనాలో జరిగిన పరిశీలన 2015లో వెలువడినది. గాలిలోని మసికిని ముఖముపై మచ్చలకును సంబంధమున్నట్లు జర్మనీలో 2010లో ప్రకటించిరి. వంటగదికి పొగగూడు పెట్టుట ఊపిరితిత్తులకే గాక ముఖమునకును మేలు.

ఆహార విషయమున మన దక్కను ప్రాంతమునకు సొంతమైన చరిత్ర యొకటి కలదు. జొన్నయే ముఖ్యాహారముగా జీవించిన బీదలలో పెల్లాగ్రా అను వ్యాధి ఒకప్పుడు విస్తారముగా నుండెను. ఎండ తగులు చోట్లలోనే, అనగా ముంజేతులపై, పాదములపై, మెడ చుట్టు హారము వేసినట్లు, చర్మము నల్లబారి పెచ్చులూడును. దానితో విరేచనములు, మతి తప్పుటయు వచ్చును. హైదరాబాదులోని పౌష్టికాహార పరిశోధనశాలకు చెందిన డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంఠయ్య 1960లో ఒక ప్రతిపాదన ప్రకటించిరి. నయాసిన్ అను విటమిను కొరతయే ఈ వ్యాధికి మూలమనియు, జొన్నలో లూసిన్ అను పదార్థము అధికముగా నుండుట ఆ కొరతను పెంచుననియు దాని సారాంశము. ఇందుకు జొన్నరొట్టెను నిందింపవలసిన పనిలేదు. జొన్నతోపాటు పప్పు, పాలు, వేరుసెనగ, ఆకుకూరలు తినువారికి ఆ బాధ లేకుండెను. తప్పంతయు జొన్న తప్ప మరేమియు దొరకని లేమిది. నేడు ఆ వ్యాధి అరుదైనది. అయినను కూడు మాని సారాయిపై బ్రతుకువారిలో ఇప్పటికిని కనబడుచుండును. మెడచుట్టు నల్లని పట్టెడతో ఎవరైన కనబడినచో పూతమందులు వెదకక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను; తగిన విటమిను ఇచ్చినచో ఇది కొద్ది దినములలో నెమ్మదించును.

కొలాజెన్ అల్లుకొనుటకు మాంసకృత్తులును, సి విటమినును అవసరము. పులివెందుల వైపునుండి వచ్చు చీనీకాయలు, నిమ్మ, జామ, ఉసిరి ఈ విటమినుకు నెలవులు. మునగాకు పెరటిలో ఊరక దొరకును. ఉలవలు, కందిపప్పు, గ్రుడ్డు మాంసకృత్తుల నిచ్చును. వీనిని తిన్నంతమాత్రమున పడిన ముడుత పోదు. తినకున్నచో చర్మమునకు తన్ను తాను బాగుచేసికొను సరకు ఉండదు. నీరు ఎక్కువగా త్రాగినచో చర్మము పడుచుదనము పొందునను మాట కూడ అతిశయోక్తియే. ఎండలో పనిచేయువాడు నీరు త్రాగవలసినది ప్రాణము నిలుపుకొనుటకు.

స్త్రీల విషయమున ఒక సంగతిని ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ముట్లుడిగిన తరువాత మొదటి అయిదేండ్లలో చర్మములోని కొలాజెన్ నూటికి 30 వంతులవరకు తరుగునని లెక్క. ఇది సాధారణముగా నలుబదియైదు, ఏబది ఏండ్లకు రావలసినది. కాని మన రాష్ట్రమున చిన్నవయస్సుననే గర్భసంచి తీయించుకొను ఆచారము ప్రబలినది. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి దాదాపు తొమ్మండుగురు గర్భసంచి తీయించుకొన్నవారే. అది దేశములోకెల్ల అధికము. గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో, ముప్పదియేండ్ల స్త్రీకి ఏబదియేండ్ల స్త్రీ చర్మము, ఎముకలు సంప్రాప్తించును. నడుము నొప్పికి, తెల్లబట్టకు ఈ శస్త్రచికిత్సయే మందని ఎవరైన చెప్పినచో, ప్రభుత్వ ఆసుపత్రిలో మరియొక వైద్యురాలి అభిప్రాయము తీసికొనునట్లు మహిళా సభ్యులు తమ వీధి స్త్రీలకు నచ్చజెప్పవలెను. ముఖముపై ముడుతలకంటె ఇది ఎంతో పెద్ద విషయము.

సున్నము, సిమెంటు చర్మమును వేరొక విధముగా చెరచును. తడిసిన సిమెంటు ఘాటైన క్షారము. చర్మముపైనున్న సహజమైన జిడ్డును తీసివేసి, ఎండబెట్టి, పగుల్చును. కొందరికి అందులోని క్రోమియము పడక దురదపుండ్లు లేచును. బండలకు నునుపుపట్టు చోట చేతులు దినమంతయు రాతిపొడి కలిసిన నీటిలో నాని యుండును. రబ్బరు చేతితొడుగులు, పని విడిచినంతనే మంచినీటితో కడుగుకొనుట, పిమ్మట నూనె రాచుకొనుట ఇందుకు తగిన జాగ్రత్తలు. కిరసనాయిలుతో చేతులు కడుగు అలవాటు మానవలెను.

ఎండనుండి తప్పించుకొను ఉపాయములలో మొదటిదానికి డబ్బు ఖర్చు లేదు. మనిషి నీడ అతని ఎత్తుకంటె పొట్టిగా నున్నంతసేపు కిరణములు తీవ్రముగా నున్నవని తెలిసికొనవలెను. నీడ మనిషికంటె పొడవైనచో తీవ్రత తగ్గినట్లు. ఈ కొలత ప్రకారము ఎర్రగుంట్లలో ఏప్రిల్ చివర ఉదయము 9 గంటలు దాటినది మొదలు మధ్యాహ్నము 3-20 వరకు ఎండ చెడ్డది. డిసెంబరు చివర ఆ వ్యవధి సుమారు 10-40 నుండి 1-50 వరకు మాత్రమే. వేసవిలో తెల్లవారి 6 గంటలకు పనిలో దిగి 10 లోపల ముగించి, మిగిలినది 4 తరువాత చేయు కూలివాడు ఎండలోని విషమును చాలవరకు తప్పించుకొనును.

రెండవది గుడ్డ. మన పొలములలో స్త్రీలు చీరపైన మగవారి పాత పొడుగుచేతుల చొక్కాను తొడుగుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని కలుపుతీయుట చూచి నవ్వువారున్నారు. ఆ నవ్వు తగదు. అంతకంటె మంచి రక్షణను ఏ దుకాణమును అమ్మజాలదు. నేత దట్టముగా నున్న గుడ్డ, పలుచని గుడ్డకంటె మేలు. ముదురు రంగు, లేత రంగుకంటె ఎక్కువ కిరణములను ఆపును. తడిసిన నూలుగుడ్డ ఆపు శక్తిని కొంత కోల్పోవును. తలపాగా నుదుటిని కాపాడునుగాని మెడవెనుకను విడిచివేయును. దాని కొసను మెడపైకి వదలుట మంచిది.

పూతమందులలో ఎండను ఆపునవి కొన్ని నిజముగా పనిచేయును. ఆస్ట్రేలియాలో 55 ఏండ్లలోపు వయస్సుగల 903 మందిని నాలుగున్నర ఏండ్లు పరిశీలింపగా, దినదినము పూసికొన్నవారిలో చర్మము ముదురుట నూటికి 24 వంతులు తక్కువగా నుండెనని 2013లో వెల్లడించిరి. అయితే దీనిని దట్టముగా పూసికొనవలెను, చెమటకు పోవును గనుక రెండు గంటలకొకసారి మరల పూయవలెను. దినకూలి ఆదాయమున ఇది సాధ్యము కాదు. డ్రైవర్లకు, మంగు ఉన్నవారికి, వర్ణములేని బిడ్డలకు దీనిని సిఫారసు చేయుదుము. తక్కినవారికి చొక్కాయే చాలును. నువ్వులనూనె, కొబ్బరినూనె ఎండను ఆపజాలవు. స్నానము చేసిన వెంటనే తడి ఆరకముందు రాచుకొన్నచో చర్మములోని నీరు పోకుండ కాపాడును. పగుళ్ళకు, ముసలివారి దురదకు ఇది చౌకైన మందు. నిమ్మరసము ముఖమున రాచుకొని ఎండలోనికి పోవుట ప్రమాదము. ఆ రసము ఎండతో కలిసి బొబ్బలు లేపును.

ఇక తెల్లబరచు క్రీములు. సంతలలో, చిన్న దుకాణములలో పేరులేని గొట్టములుగా అమ్ముడుపోవు వీనిలో కొన్నింట బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్ మందులుండును. మొదటి నెలలో ముఖము తెల్లబడి మెరయును. తరువాత చర్మము కాగితమువలె పలుచనై, ఎర్రని నరములు పైకి తేలి, ఎండను బొత్తిగా ఓర్వలేకపోవును, మానినచో మంటలు. ముదిమిని ఆపునని కొన్నది ముదిమిని కొని తెచ్చును. ఇట్టి మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము 2018లో ఉత్తరువు చేసెను. మరికొన్నింట పాదరసముండును, అది మూత్రపిండములను చెరచును. తయారుచేసినవాని పేరు, చిరునామా, చేర్చిన పదార్థముల పట్టిక లేని గొట్టము గ్రామ సంతలో కనబడినచో ఔషధ తనిఖీ అధికారికి తెలుపవలెను. ముడుతలను కొంతవరకు సవరించు ట్రెటినాయిన్ అను మందు నిజముగా కలదు. దానిని వైద్యుడు వ్రాసిన పిమ్మటనే వాడవలెను, గర్భవతులు వాడరాదు.

ఎండ నుండి ఇంతగా దాగినచో డి విటమిను ఏమగునను ప్రశ్న న్యాయమైనది. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఎండలో తిరుగు పల్లెవాసులకంటె పట్టణవాసులలోనే ఈ విటమిను తక్కువగా నుండెను. పొలముపని చేయువారికి ముంజేతులు, పాదములపై పడు కొద్దిపాటి ఎండ ఎట్లును తప్పదు. ఇంటిపట్టుననే యుండు వృద్ధులను, బాలింతలను మాత్రము దినమున కొంతసేపు ఎండకు కూర్చుండబెట్టవలెను.

పనిచోట నీడను కోరుట క్రొత్త కోరిక కాదు. 1952 నాటి గనుల చట్టము క్రింద 1955లో వచ్చిన నియమములే, 50 మందికి మించి పనిచేయు గనిలో విశ్రాంతికిని, భోజనమునకును నీడగల వసతి యుండవలెనని విధించినవి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము త్రాగునీరు, ప్రథమ చికిత్స పెట్టెతోపాటు, పిల్లలకును విశ్రాంతి సమయమునకును నీడను ఏర్పరుపవలెనని నిర్దేశించెను. వ్రాతలో నున్నది పనిచోటికి దిగివచ్చినదా లేదాయని చూడవలసినవారు సభ్యులు. వేసవి పనుల జాబితా తయారగునప్పుడే పనివేళలు గ్రామసభలో తీర్మానించుకొనుట మంచిది. మే నెలలో ఎండ కాయునప్పుడు ఆలోచించిన ఫలముండదు. బండల గనులలో భోజనపు వేళకైన ఒక పందిరి యున్నదో లేదో ఒకసారి పోయి చూచి రావలెను. యజమానికి అది నాలుగు గుంజలు, కొన్ని ఈతమట్టల ఖర్చు. బడులలో ప్రార్థన సమావేశమును, ఆటల పీరియడును ప్రొద్దుటి పూటకు మార్చుట ప్రధానోపాధ్యాయునితో ఒకమాట చెప్పిన జరుగును. చెట్ల విషయమున, మన నల్లరేగడిలో, రాతినేలలో వేప, కానుగ బాగుగా బ్రతుకును. వానలు పడినంతనే బస్సులు ఆగుచోట, రేషను దుకాణము ముందు, కుళాయిల వద్ద, అనగా జనము నిలిచి ఎదురుచూచు ప్రతిచోట, నాటవలెను. కంచె కట్టి రెండు వేసవులు నీరు పోసినచో తరువాత వాని దారి అవే చూచుకొనును. నీడ పరచుకొనుటకు అయిదారేండ్లు పట్టును గనుక అంతవరకు అవే చోట్ల పందిళ్ళు వేయించి, ఏటేట మార్చి నెల లోపల వాని కప్పును సరిచేయింపవలెను.